చూసి గీసినావా?

నేను రిటైరైన రోజున కాలేజీలో సభ పెట్టి, శాలువా కప్పి, నా గురించి చాలామంది మంచి మాటలు చెప్పారు. అందులో సగం నాకే తెలియనివి. క్రమశిక్షణ అన్నారు, అంకితభావం అన్నారు. మైకు నా చేతికి వచ్చినప్పుడు ఒక సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ముందు వరసలో పరీక్షల విభాగం సారు కూర్చుని ఉన్నాడు. పాపం, ఆయన సెలవులో ఉండి కూడా నా కోసం వచ్చాడు. ఆయన ముఖం చూసి మాట మింగేశాను. మింగిన మాట అరగలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పాఠాలు చెప్పే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్ళు చదువుతారని ఆశ. చదివి ఏం చేయాలని మాత్రం అడగకండి, నాకూ తెలియదు.

నేను కడపలో ఒక కాలేజీలో చిత్రకళ చెప్పాను. మా నాన్నది బట్టల అంగడి. మా ఇంట్లో బొమ్మ అంటే అంగడి పేరు అచ్చేసిన క్యాలెండరు మీది లక్ష్మీదేవే. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, ఎక్కడో యూరప్‌లో ఏ చిత్రకారుడు ఎవరి బొమ్మలు చూసి ఎలా మారిపోయాడో పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. మా పెద్దమ్మ పోయేదాకా ఆ సంగతి నమ్మలేదు. "దానికి గూడా జీతమిస్తారా? నిజం చెప్పు, యాడ పని చేస్తాండావు?" అని పెళ్ళిళ్ళలో నలుగురి ముందు అడిగేది.

ఆ విదేశీ పేర్లకు మా పిల్లల నోరు తిరిగేది కాదు. నా నోరూ అంతంతమాత్రమే లెండి. పరీక్ష కోసం పేర్లు బోర్డు మీద రాసేదాన్ని గానీ, మాటల్లో మాత్రం వాళ్ళకు మేము పెట్టుకున్న పేర్లే. తన ఊరి పక్కన ఉన్న కొండనే మళ్ళీ మళ్ళీ గీస్తూ ముసలివాడైపోయిన ఫ్రెంచి మనిషి కొండాయప్ప. పొద్దుతిరుగుడు పూలు గీసిన డచ్చి మనిషి పూలాయప్ప. కొండాయప్ప బొమ్మలు చూసి, కుండనూ ఇంటినీ మనిషి ముఖాన్నీ పలకలు పలకలుగా విడగొట్టి గీసిన ఇద్దరు స్నేహితులు జోడెద్దులు. కొన్నాళ్ళు ఆ ఇద్దరి బొమ్మలూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఏది ఎవరిదో చెప్పడం తెలిసినవాళ్ళకు కూడా కష్టం. ఈ పేర్లన్నీ పెట్టింది మా విభాగంలో ఉన్న రెండో మనిషి.

మా విభాగంలో ఉన్నదే ఇద్దరం. ఆయనది మైదుకూరు పక్కన ఒక పల్లె. కొద్దిపాటి పొలం, అందులో పసుపు పండించే కుటుంబం, తాతల కాలం నుంచి క్రైస్తవులు. "మా చర్చిలో గోడలన్నీ తెల్లసున్నమే మేడమ్. బొమ్మనేది ఒగటుండదు. వాక్యం వినుకుంటా ఆ తెల్లగోడ మీద నేనే మనసులో బొమ్మలేసుకుంటాంటి" అని చెప్పేవాడు. మొదట నా దగ్గర చదువుకున్నాడు. తర్వాత పెద్ద చదువుకు వెళ్ళి, తిరిగొచ్చి, నా పక్కనే కాంట్రాక్టు లెక్చరరుగా చేరాడు. ఏటా వేసవిలో ఉద్యోగం పోయినట్టే, కాలేజీ తెరిచాక మళ్ళీ వచ్చినట్టే. వెంట్రుకలు నెరవడం మొదలైనా ఆయన బతుకు అలాగే నడిచింది. ఎట్టకేలకు ఒక ఏడాది కాంట్రాక్టువాళ్ళను ఇంటర్వ్యూ చేసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆయనకు అదే చివరి అవకాశం, వయసు దాటిపోతోంది. ఆయన తల్లి కాలేజీకి ఫోన్ చేసి మరీ, "అమ్మా, ఈ తూరి అయితాదా?" అని నన్నడిగింది. అవుతుందని చెప్పాను. ఎందుకు కాదని నా ధీమా.

ఆదివారం ప్రార్థన అయిపోగానే ఆయన రంగుల పెట్టె భుజాన వేసుకుని, ప్రొద్దుటూరులో బస్సు మారి గండికోట వెళ్ళేవాడు. అక్కడికి వచ్చే జనమంతా పెన్న వంపు తిరిగే చోట నిలబడి ఫోటోలు దిగుతారు. ఈయన నదిని ఒక మూలకు సన్నగా తోసేసి, రాళ్ళు గీసేవాడు. ఇటుక రంగు, మట్టి రంగు, నీడలో ఊదా, అక్కడక్కడా ఎండిన పొద పచ్చ. గీత తక్కువ. ఒక రంగు పక్కన ఇంకో రంగు ఆని, ఒకదాన్నొకటి మోస్తూ ఉండేవి. ఆ బొమ్మ ముందు నిలబడితే మన కాళ్ళ కింద బండ ఉన్నట్టు ఉండేది. నేను ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ఒకరి చేతిలో ప్రాణం పోసుకోవడం అదే మొదటిసారి చూశాను. ఈర్ష్య కూడా కలిగింది, దాచడమెందుకు.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో ఆ బొమ్మలు హాల్లో వేలాడదీశాం. ఎవరో ఒకరు ఫోన్‌తో ఫోటో తీశారు. ఈ ఫోన్లలో ఒక సదుపాయం ఉంది కదా, బొమ్మ చూపిస్తే అలాంటి బొమ్మలు ఇంకెక్కడున్నాయో వెతికి పెడుతుంది. అది కొండాయప్ప కొండను తెచ్చి పెట్టింది. ఫోన్ తప్పేమీ చెప్పలేదు, చుట్టరికం కనిపెట్టింది. నేను ఒక ఏడాదంతా చెప్పే పాఠం అది రెప్పపాటులో చెప్పేసింది. కానీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, కింద "మన సారు చూసి గీసిన బొమ్మ" అని రాసి, నవ్వే ముఖాలు తగిలించారు. సాయంత్రానికి అది కాలేజీ అంతా తిరిగింది. మర్నాడు పేరు లేని ఫిర్యాదొకటి ప్రిన్సిపాల్ బల్ల మీదికొచ్చింది. ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయని, ఆయన వెంటనే కమిటీ వేశాడు.

కమిటీలో కామర్స్ విభాగం పెద్ద, పరీక్షల విభాగం సారు. నన్నూ కూర్చోబెట్టారు గానీ, బొమ్మలు గీసినాయన నా శిష్యుడు కాబట్టి నా మాట లెక్కలోకి రాదని ముందే చెప్పారు. పరీక్షల సారు గురించి మీకు చెప్పాలి. మధ్యాహ్నం మాతో కలిసి అన్నం తినేవాడు. ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని తెస్తే మా ఇద్దరికీ పెట్టకుండా తినేవాడు కాదు. పరీక్ష హాల్లో మాత్రం యముడు. చిట్టీ సాక్సులో దాచినా, చొక్కా మడతలో దాచినా పట్టేసేవాడు. "చూసి రాసినోని కండ్లు చెప్తాయి మేడమ్, నేను కాగితం దిక్కు చూడనే చూడను" అనేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేశాడు. ప్రపంచంలో మనుషులు ఆయనకు రెండే రకాలు, చూసి రాసేవాళ్ళూ, చూడకుండా రాసేవాళ్ళూ.

కమిటీ రోజు బల్ల మీద కొండాయప్ప బొమ్మ రంగుల ప్రింటు పెట్టారు. ఆఫీసు ప్రింటర్‌లో నీలం అయిపోయింది. అందువల్ల ఆ నీలి కొండ కాస్తా ఇటుక రంగులో దిగింది. పక్కన గండికోట. నీలం ఉండి ఉంటే ఎడం కనిపించేదేమో, ఇప్పుడు రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ప్రింటు తప్పు వచ్చిందని చెప్పాను. "రంగు సంగతి వద్దులే మేడమ్, ఆకారం చూడండి" అన్నాడు కామర్స్ పెద్ద. చిత్రకళ విభాగం పెద్దకు రంగు సంగతి వద్దని చెప్పడం చూశారా!

నా శిష్యుడు వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇంటర్వ్యూకని కుట్టించుకున్నదే.

"భయపడాకప్పా. రెండు మాటలడుగుతాం, అంతే" అన్నాడు కామర్స్ పెద్ద.

పరీక్షల సారు కళ్ళద్దాలు పెట్టుకుని, గండికోట బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడు. "ఇది నువ్వు చూసి గీసినావా, చూడకుండా గీసినావా? ఒక్క మాటలో చెప్పు."

ఆ మాటకు ఆయన లోకంలో ఒకటే అర్థం, మా గదిలో ఇంకొకటే అర్థం. మా గదిలో ఎవరైనా చెట్టును మనసులోంచి గీస్తే నేను కోప్పడేదాన్ని. "చూసి గీయండి, చూసి గీయండి" అని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆ అరుపులు ఎక్కువ తిన్నవాడు ఈయనే. ఎదురుగా ఉన్నదాన్ని కళ్ళతో చూసి గీయడం కంటే పెద్ద మెప్పు మా దగ్గర లేదు.

"చూసే గీసినా సార్" అన్నాడు తలెత్తి. "చూడకుండా నేను ఎప్పుడూ గీయను."

పరీక్షల సారు కలం పక్కన పెట్టేశాడు. ఆయన ముఖంలో పట్టుకున్న సంతోషం లేదు. కాదని బుకాయిస్తాడనీ, తనెలాగో సర్దుబాటు చేయవచ్చనీ అనుకుని వచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం.

"సార్, ఆయన చూసినానంటాండేది గండికోట లోయని. లోయ ముందర కూర్చోని గీసినాడు" అన్నాను.

"ఆయన్ని చెప్పనీండి మేడమ్. ఏమప్పా, ఈ ఫ్రాన్సాయన బొమ్మ నువ్వు ముందెప్పుడూ చూల్యా?" అన్నాడు కామర్స్ పెద్ద.

"చూసినా సార్. మేడమే చూపించింది. శానాసార్లు చూసినా." ఆయన, ఎదుట ఉన్నది కమిటీ అని మరిచిపోయినట్టు, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. "అవి చూసేదానికి ముందు నాకు గండికోట కనపడల్యా సార్. చిన్నప్పట్నుంచి పోతానే ఉండాం. బండలుండాయి అనుకుంటాంటి, అంతే. ఆయన కొండను చూసి మళ్ళా పోతే, ఒగ బండకు ఇంగో బండ ఎట్ల ఆనుకోని ఉండాదో కనపడింది. చూపు ఆయన నేర్పిచ్చినాడు. గీసింది మాత్రం నేనే."

ఇంతకంటే మంచి పాఠం ఆ కాలేజీలో ఎవరూ చెప్పి ఉండరు. విన్నది ముగ్గురం. అర్థమైంది నాకొక్కదానికి.

ఇక నేను ఊరుకోలేదు. నా మాట లెక్కలోకి రాదన్న సంగతి పక్కన పెట్టి, ఉన్నదంతా వెళ్ళగక్కాను. కొండాయప్ప తన కంటే పెద్దవాడైన స్నేహితుడి బొమ్మను ఎదురుగా పెట్టుకుని దాన్నే గీసి నేర్చుకున్నాడని చెప్పాను. పూలాయప్ప జపాను నుంచి వచ్చిన అచ్చు బొమ్మల్ని తెచ్చుకుని నూనె రంగుల్లో మళ్ళీ గీశాడని చెప్పాను. కొండాయప్ప గీసిన చిన్న బొమ్మనొకదాన్ని కొనుక్కుని, కష్టాల్లో కూడా అమ్ముకోకుండా, ఏళ్ళ తరబడి దాని వైపు చూస్తూ ధైర్యం తెచ్చుకున్న ఇంకో పెద్ద చిత్రకారుడి సంగతి చెప్పాను. జోడెద్దుల సంగతి చెప్పాను. వాళ్ళ బొమ్మలు చూడటానికి మన దేశం నుంచి ఓడలెక్కి పోయినవాళ్ళు తిరిగొచ్చి మన మనుషుల్నీ మన ఎండనీ ఎలా గీశారో చెప్పాను. వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళు నా గురువులు. నా దగ్గర చదువుకున్నవాడు ఈయన. నాకు ఆయాసం వచ్చింది.

కామర్స్ పెద్ద శ్రద్ధగా విన్నాడు. విని, నిజంగానే ఆశ్చర్యపోతూ, "అంటే మేడమ్, వాళ్ళంతా ఒకరిదొకరు చూసి గీసినోళ్ళేనా? అడిగేవోళ్ళే లేరా ఆ దేశంలో?" అన్నాడు.

"చూసినారు సార్. కాపీ కొట్టలేదు. కాపీ కొట్టినోడు చూసిందే దించుతాడు. వీళ్ళు ఒకరి దగ్గర నేర్చిన చూపును ఇంగోచోటికి తీసకపోయినారు."

"థీసిస్ అయితే కంప్యూటర్ లోకి ఎక్కిస్తే ఎంత శాతం కలిసిందో చెప్తుంది. బొమ్మకు అట్లాంటిది లేదా?"

"లేదు సార్."

"అదే మేడమ్ కష్టం" అన్నాడాయన, జాలిగా.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర పరీక్షల సారు మా ఇద్దరి కోసం నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమప్పా, నా మాటిను. నాకు అడిగింది సరిగా తెలవలేదు, బొమ్మ నేను చూడకుండానే గీసినా, నా మనసులోంచి వచ్చింది అని ఒక్క ముక్క చెప్పు. నేను ఆడికి మూసేస్తా. నీకు పర్మనెంటు అయితే నాకూ సంతోషమే గదా" అన్నాడు. పరీక్ష హాల్లో కన్నబిడ్డనైనా వదలని మనిషి, అబద్ధం చెప్పుకోమని తనే దారి చూపించాడు. ఆ మంచితనానికి నాకు ఏడుపొచ్చింది.

నేనూ బతిమాలాను. "చెప్పప్పా. ఒక్క మాటే గదా. ఎవురికి నష్టం? మీ యమ్మను తలుచుకో" అన్నాను.

ఆయన ముందు సారు వైపు తిరిగాడు. "సార్, మీరు నా మంచికే చెప్తాండారు, నాకు తెలుసు. మేడమ్, చూసి గీయరా అని నన్ను ఎన్ని తిట్లు తిట్టినారు! ఇప్పుడు నేనే పోయి చూడకుండా గీసినానని చెప్తే, ఉద్యోగం ఉంటాది, ఇంగ నా దగ్గర ఏముంటాది? రేప్పొద్దున పిల్లోళ్ళకు ఏమని చెప్పేది?"

పరీక్షల సారు స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మాతో కలిసి అన్నం తినడం మానేశాడు. తినలేకపోయాడు.

కమిటీ ఏం తేల్చిందో ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి నాకు చెప్పాడు. చూసి గీసినట్టు ఆయనే స్వయంగా ఒప్పుకున్నాడట. అంతే. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు కాబట్టి, నేను దేన్ని కాదనాలి? పైఆఫీసులకు తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఓపికగా విని, చివర్లో అదే ప్రశ్న అడిగారు. "అయితే ఆయన చూసి గీసినాడా లేదా మేడమ్?" నేను అవునని చెప్పలేక, కాదని చెప్పలేక లేచి వచ్చేదాన్ని. ఇంటర్వ్యూకి ఆయన్ని పిలవలేదు. వేసవి తర్వాత కాంట్రాక్టు కూడా మళ్ళీ రాలేదు. ఆయన తల్లి మళ్ళీ ఫోన్ చేయలేదు. చేసి నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

ఇందులో ఒక దుర్మార్గుడు ఉన్నాడని చెప్పగలిగితే నాకు ఈ రాత సులువయ్యేది. ఎంత వెతికినా దొరకలేదు. ఫిర్యాదు రాసినవాడికి కూడా తను అన్యాయం చేశానన్న ఊహ ఉండకపోవచ్చు. అందరూ మంచివాళ్ళే, అందరూ తమ పని తాము సరిగ్గా చేసినవాళ్ళే. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. చెడ్డవాళ్ళతో పోట్లాడి ఓడిపోతే కోపం మిగులుతుంది, కోపంతో కొన్నాళ్ళు బతకవచ్చు. నాకు అదీ మిగల్లేదు. ఒక్క మనిషితో విభాగం నడపలేమని ఆ ఏడు నుంచి పిల్లల్ని చేర్చుకోవడం ఆపేశారు. ఉన్న పిల్లలు చదువు ముగించి వెళ్ళిపోయారు. నేను ఖాళీ గదిలో కూర్చుని జీతం తీసుకున్నాను. మా పెద్దమ్మ అన్న మాట అప్పటికి నిజమైంది. కొన్నాళ్ళకు ఆ గదిలో జవాబు పత్రాల కట్టలు తెచ్చి పెట్టారు. ఆ కట్టల మధ్య కూర్చుని, ఎక్కడో మొదలై దేశాలు దాటి, చేయి మారి చేయి మారి మా దాకా వచ్చిన ఒక చూపు మా కాలేజీ దగ్గర ఆరిపోయిందని తలుచుకునేదాన్ని. ఎవరితోనూ అనేదాన్ని కాదు. అంటే నవ్వుతారు.

కిందటేడు మా బంధువుల అంగడి ప్రారంభానికని మైదుకూరు వెళ్ళాను. ఆయన అక్కడే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో డ్రాయింగు సారుగా ఉన్నాడని విని, పని చూసుకుని అటు వెళ్ళాను. సన్నబడ్డాడు. నన్ను చూసి గబగబా కుర్చీ తుడిచి వేశాడు. "మేడమ్, ఎండన పడి వచ్చినారే, ఫోన్ చేసింటే నేనే వస్తాంటి గదా" అని నొచ్చుకున్నాడు. తల్లి బాగుందన్నాడు. గండికోట బొమ్మలు ఏమయ్యాయని అడిగాను.

"పసుపు కుప్ప మీద కప్పినాం మేడమ్" అన్నాడు మామూలుగా. "నూనె రంగులు గదా. వాన నీళ్ళు దిగవు."

నేను చూపు గోడల వైపు తిప్పాను. గోడల నిండా పిల్లల బొమ్మలు అంటించి ఉన్నాయి. అన్నీ ఒకటే బొమ్మ. రెండు త్రిభుజాల కొండలు, మధ్యలో ఉదయిస్తున్న సూర్యుడు, కిందికి వంపులు తిరిగే నీలం ఏరు, ఒడ్డున ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ఆ కొండలు ఈ జిల్లాలో ఎక్కడా లేవు. స్కూలు ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఉందట. అమ్మానాన్నలు వచ్చే రోజున అందరి బొమ్మలూ ఒకేలా ఉండాలట. ఒకరిది బాగుండి ఇంకొకరిది బాగుండకపోతే అమ్మానాన్నలు అడుగుతారట.

అంతలో వెనక బెంచీలోంచి ఒక పాప లేచి తన కాగితం తెచ్చి ఆయనకు చూపించింది. కాగితం మీద ఒకటే కొండ ఉంది. నెత్తి చదునుగా కోసేసినట్టు ఉంది. పక్కలంతా అడ్డంగా పొరలు పొరలుగా బండలు, ఒకదాని మీద ఒకటి ఆని ఉన్నాయి. సూర్యుడు లేడు, ఏరు లేదు. మా ఊళ్ళ వైపు ఏ చేలో నిలబడి తలెత్తినా కనిపించే కొండ అది.

ఆయన ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఆయన కళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆయనకు కనిపించింది. కనిపించిందని నాకు తెలుసు.

"బాగుండాది పాపా" అన్నాడు మెల్లగా. "అయితే ఇది వద్దు. మార్కులు రావు."

బల్ల మీద కాగితం పరిచి, రబ్బరు తీసుకుని, ఆ కొండను పైనుంచి కిందిదాకా ఓపికగా చెరిపేశాడు. నా వైపు తిరగలేదు. రబ్బరు పొట్టు ఊదేసి, పెన్సిలుతో రెండు త్రిభుజాలు తనే గీసిచ్చాడు. మధ్యలో సూర్యుణ్ణి ఆ పాపే పెట్టుకుంది.